సుధాగిరి సున్నపు బండ్లు

గాడిదల కనుమ దాటితే ఆ పైన దారంతా పల్లమే. ఎద్దులకు ఆ సంగతి తెలిసినట్టుంది, మెడలు చాచి నడుస్తున్నాయి. కానీ కనుమ ఇరుకులో, రెండు నల్లబండల నడుమ, మాంత్రికుడు ఘటకంఠుడి కాపలావాళ్ళు ఈటెలు అడ్డం పెట్టి నిలబడ్డారు. వాళ్ళ నాయకుడి భుజం మీద, మెడ ఈకలు రాలిపోయిన ముసలి రాబందు ఒకటి కూర్చుని బండ్ల వరుసను తల వంచి చూస్తోంది.

ముందు బండి తోలుతున్న కువలయ తలపాగాను నుదుటి మీదికి లాక్కుంది. చూసేవాళ్ళకు ఆమె ఉప్పు అమ్ముకునే కుర్ర వర్తకుడు. నిజానికి సుధాగిరి సున్నపు బట్టీల పెద్దకు ఒక్కగానొక్క కూతురు. బండ్లలో పైవరుస గోనెల్లో మాత్రమే ఉప్పుంది. కింది గోనెల నిండా బట్టీలో కాలిన సున్నపు గడ్డలు. నీటి చుక్క తగలనంతవరకు అది నిద్రపోతున్న నిప్పు.

ఆ సున్నం కోసం ఘోరవాహిని నది ఒడ్డున ఒక రాజ్యమే ఎదురు చూస్తోంది. రత్నసాను మహారాజును, ఆయన కోట కట్టిన తాపీవాళ్ళందరినీ ఘటకంఠుడు నది నడుమనున్న మకరద్వీపానికి ఎత్తుకుపోయాడు. పడవ వేస్తే సుడులు మింగేస్తాయి. అందుకని రాకుమారుడు జయంతసేనుడు నది మీద వంతెనకు స్తంభాలు లేపుతూ వచ్చాడు. ద్వీపానికి ఎదురుగా ఉండే ఆఖరి స్తంభం ఒక్కటే మిగిలింది. కొండల్లో వానలు పడి ఎర్రనీరు దిగేలోగా అది లేవకపోతే మళ్ళీ ఏడాది దాకా నదిలో కాలు పెట్టడానికుండదు. అప్పటిదాకా బందీలను బతకనిస్తాడన్న నమ్మకం ఎవరికీ లేదు. ఆ బందీల్లో కువలయ భర్త సోమిలుడు ఉన్నాడు.

"ఏం సరుకు?" అన్నాడు నాయకుడు.

"ఉప్పు దొరా, వట్టి ఉప్పు," రెండో బండి మీదనుంచి తిమ్మప్ప పలికాడు. వయసు మళ్ళినా నోరు మళ్ళని మనిషి. కువలయ పుట్టకముందు నుంచీ ఆ ఇంటి బండ్లు తోలుతున్నాడు. "తమరి మాంత్రికుల వారు చప్పిడి కూడు తింటున్నారని విని ప్రాణం ఉండబట్టలేక బయలుదేరాం."

నాయకుడు పైగోనెలో వేలు ముంచి నాకాడు. ఉప్పే. ముఖం చిట్లించి, ఏమనుకున్నాడో, ఈటెను కింది గోనెలోకి దింపి లాగాడు. మొనకు తెల్లని పొడి అంటుకుంది.

"దొరా, అది గొడ్ల ఉప్పు, అది వద్దు!" అని తిమ్మప్ప అరిచేలోపే అతను దాన్నీ నాకేశాడు.

కనుమంతా మారుమోగేలా కేక పెట్టాడు. నాలుక బయటికి చాచుకుని గెంతుతుంటే కాపలావాళ్ళలో ఒకడు తిత్తితో నీళ్ళు తెచ్చి నోట్లో పోశాడు. రెండో కేక మొదటిదాన్ని మించిపోయింది.

"చెప్పాను కదా దొరా! గొడ్ల సరుకు గొడ్లకే పడుతుంది!" అంటూ తిమ్మప్ప చెర్నాకోల ఝళిపించాడు. కువలయ అప్పటికే పగ్గాలు వదిలింది. ఎద్దులు ఈటెలను తోసుకుంటూ దూకాయి. బండి వెనక బండి, ఇరుసులు బండలకు రాసుకుని నిప్పులు రాలుస్తూ, కనుమ దాటి దుమ్ములో కలిసిపోయాయి. వెనక బాణాలు రెండు మూడు గోనెల్లో దిగి ఆగిపోయాయి.

రాబందు మాత్రం భుజం మీదనుంచి లేచి, తొందర లేకుండా, మకరద్వీపం వైపు ఎగిరిపోయింది. కువలయ అది చుక్కంతయ్యేదాకా చూసింది.

"మన సంగతి తెలిసిపోయింది మామా."

"తెలియనీ. వాడి నాలుక మానేలోగా నదికి చేరదాం."

మిట్టమధ్యాహ్నానికి చెట్టు చేమ లేని రాతి లోయలో పడ్డారు. ఎండకు బండలు పేలుతున్నాయి. ఎద్దుల కనురెప్పల మీద తెల్లని దుమ్ము పేరుకుని అవి పండు ముసలివైనట్టు కనబడుతున్నాయి. ముందుకు చొచ్చుకొచ్చిన ఒక కొండచరియ కింద, కాస్త నీడలో, బండ్లు ఆపారు. నీళ్ళ కుండల బండి ఎప్పటిలాగే వరుసకు చాలా వెనక, వంపు అవతల ఆగింది.

"రా అమ్మాయీ, గొంతు తడుపుకుందువు," అన్నాడు తిమ్మప్ప.

"మీరందరూ తాగి రండి మామా. ఎవరో ఒకరు ఇక్కడ ఉండాలి కదా."

వాళ్ళు వెళ్ళారు. కువలయ బండి నొగ మీద కూర్చుంది. తలపాగా తీసి జుట్టు వదులు చేసుకుంది. నాలుక అంగిలికి అతుక్కుపోయింది. లోయ చివర ఎండమావి నీళ్ళలా కదులుతుంటే దాన్నే చూస్తూ ఉంది. సోమిలుడిని ఎత్తుకుపోయిన దగ్గర్నుంచీ ఆమెకు దూరంగా చూస్తూ కూర్చోవడం అలవాటైంది. దారిలో ఎవరు వస్తున్నా ముందు నడక చూస్తుంది. సోమిలుడి నడకలో ఎడమకాలు కొద్దిగా వెనకబడుతుంది, ఏళ్ళ తరబడి ఆ మోకాలి మీద రాయి పెట్టుకుని చెక్కడం వల్ల.

ఎండమావిలోంచి ఒక మనిషి వస్తున్నాడు. ఎడమకాలు కొద్దిగా వెనకబడుతోంది.

కువలయ లేచి నిలబడింది. లేచిన సంగతి ఆమెకు తెలియదు. బట్టలు చిరిగిపోయి, గడ్డం పెరిగి, భుజాన నీళ్ళ తిత్తితో అతను దగ్గరికి వచ్చాడు. కనుబొమ్మ మీద రాతిముక్క ఎగిరి తగిలిన పాత మచ్చ ఉంది. ఆ తిత్తి కూడా ఆమెకు తెలుసు. దాని అంచు నీలిదారంతో కుట్టింది తనే.

"కువలా," అన్నాడు.

ఆమె పరిగెత్తింది. అతని భుజాలు పట్టుకుంది. ఎలా వచ్చావని అడగబోయింది.

"గోడ పని చేస్తూ నదిలో దూకాను. సుడి నన్ను ఈ ఒడ్డుకు విసిరేసింది," అన్నాడు అతను. "ఇదేమిటి, ఇంత చిక్కిపోయావు? పెదాలు చూడు, ఎలా ఎండిపోయాయో. రా, కూర్చో ముందు."

చేయి పట్టుకుని నడిపించి మళ్ళీ బండి నొగ మీద కూర్చోబెట్టాడు. పక్కన తనూ కూర్చున్నాడు. తిత్తి మూత తీశాడు. చల్లని నీటి వాసన వచ్చింది.

"తాగు. నా చేత్తో పోస్తాను, దోసిలి పట్టు," అన్నాడు ఎంతో ప్రేమగా.

కువలయ దోసిలి పట్టబోయి ఆగిపోయింది.

పెళ్ళయిన కొత్తలో ఒకనాడు ఆమె ముంత నిండా మజ్జిగ తీసుకుని అతను సున్నం గోనెలు దించుతున్న చోటికి వెళ్ళింది. కొత్త పెళ్ళికూతురు, సరదా. బట్టీల ఇంట్లో పుట్టిన పిల్లే అయినా, తెలిసీ మరిచింది. సోమిలుడు ఆమెను చూసి పెట్టిన కేకకు సుధాగిరి అంతా పనులు ఆపి తిరిగి చూసింది. ముంతతో సహా ఆమె రెక్క పట్టుకుని చెరువు గట్టు మీద ఒంటరి చింతచెట్టు దాకా ఈడ్చుకుపోయి, అక్కడ కూర్చోబెట్టి, అప్పుడు నవ్వాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ నీళ్ళు తాగినా, అంబలి తాగినా ఆ చింత కిందే. బండి మీద ప్రయాణంలో ఉన్నా సరే, గొంతు ఎండి పడిపోతున్నా సరే, అతను బండి దిగి "చింత దగ్గరికి పద" అని ఎంతో దూరం నడిచేవాడు. ఎడారిలో కూడా ఆ మాటే అనేవాడు.

సుధాగిరి మనిషి ఎవరూ సున్నం బండి మీద కూర్చుని తిత్తి మూత తీయడు. చచ్చిపోతున్నా తీయడు.

ఈ మనిషి సోమిలుడు కాడు.

అంతా తెలిసింది. వెంటనే కేక వేయాలనీ తెలిసింది. కానీ ఆ మచ్చ, ఆ కళ్ళు, కళ్ళ కింద అలసట, అన్నీ అతనివే. ఇన్నాళ్ళూ కళ్ళు మూసుకుని గుర్తు చేసుకున్న ముఖం, జానెడు దూరంలో ఉంది. కేక వేస్తే అది పోతుంది.

"ఇంకొక్కసారి పిలువు బావా," అంది.

"కువలా," అన్నాడు.

"ఇంకోసారి."

"కువలా." గొంతు కూడా అతనిదే.

ఆమె వింటూ ఉంది. అలా వింటుండగానే ఆ మనిషి మోచేతి కింద తిత్తి మెల్లగా ఒరిగింది. నీళ్ళు సన్నని ధారగా గోనెల సందుల్లోకి జారాయి. ముందు చిన్నగా, పాము బుసలాంటి చప్పుడు. ఆ వెంటనే వేడి ఆవిరి ఎగజిమ్మి గోనెల కింద పరిచిన గడ్డి భగ్గుమంది.

అప్పుడు కదిలింది కువలయ. ఉదయం గోనెలు సర్దేటప్పుడు సున్నం కాల్చకుండా చేతులకు రాసుకున్న నువ్వులనూనె ఇంకా అలాగే ఉంది. చిరిగిన గోనెలోంచి గుప్పెడు సున్నప్పొడి దూసి అతని ముఖాన కొట్టింది. చెమట పట్టిన ఆ ముఖం చురచురలాడింది. మచ్చ మైనంలా జారింది, గడ్డం జారింది, సోమిలుడి కళ్ళు జారిపోయి వాటి వెనక గుడ్లగూబ కళ్ళు రెండు బయటపడ్డాయి. ఘటకంఠుడి కింకరుడు! వాడు కీచుమని అరుస్తూ, చేతులు తోలురెక్కలై కొట్టుకుంటుండగా, బండలకు తగులుకుంటూ లోయ వెంట ఎగిరిపోయాడు.

ఆమె ఆ ముఖం జారిపోవడం చివరిదాకా చూసింది. ఆపైన "మామా!" అని అరిచింది.

తిమ్మప్ప, బండ్లవాళ్ళు పరుగున వచ్చారు. మంట పక్క బండికి నాలుక చాస్తోంది. తిమ్మప్ప కొడవలితో పలుపులు కోసి ఎద్దులను తప్పించాడు. అందరూ బండిని దారి పక్కనున్న పల్లంలోకి నెట్టబోయారు.

"పల్లంలోకి వద్దు! ఆ రాతి గుంటలోకి తిప్పండి!" కువలయ చక్రానికి భుజం ఆనించింది. బండి గుంటలో బోర్లాపడింది. "ఇప్పుడు నీళ్ళు తెండి. కుండలన్నీ!"

"అన్నీనా?" తిమ్మప్ప నోరు తెరిచాడు. "తాగేందుకు ఉన్నవి అవే కదమ్మా!"

"సగం తడిసిన సున్నం దేనికీ కొరగాదు మామా. పూర్తిగా చల్లారితే వంతెన పైవరుసలకు పనికొస్తుంది. పోయండి."

కుండ వెనక కుండ వంచారు. గుంటలో సున్నం ఉడికింది, కుతకుతలాడింది, పొగలు కక్కి కొండచరియంత ఎత్తున ఆవిరి లేపింది. చివరికి పాలమీగడలా తెల్లగా కుదుటపడింది. దాన్ని ఖాళీ కుండల్లోకి ఎత్తారు. తాగడానికి చుక్క మిగల్లేదు.

నేల మీద పడి ఉన్న తిత్తిని కువలయ తీసి చూసింది. ముఖం మాయ, తిత్తి మాత్రం నిజంగా సోమిలుడిదే. అడుగున కాసిని నీళ్ళు కదిలాయి. మూత బిగించి భుజాన వేసుకుంది.

బండ్లు కదిలాక తిమ్మప్ప ఆమె పక్కన నడుస్తూ అడిగాడు. "వాడు మన సోమిలుడు కాడని ఎప్పుడు తెలిసిందమ్మా?"

"మూత తీసినప్పుడు."

"మరి బండి అంటుకునేదాకా..."

"ముఖం బావదే కదా మామా," అంది కువలయ.

ముసలివాడు ఎద్దు మెడ కింద పట్టిన చెమటను తన పైగుడ్డతో తుడుస్తూ నడిచాడు.

ఘోరవాహిని కనబడకముందే వినబడింది. గట్టు ఎక్కి చూసేసరికి, నల్లకలువల రంగు నీళ్ళు కొండను కోసినట్టు పారుతున్నాయి. అడుగడుగునా సుడులు, ఒక్కొక్క సుడి నడుమ తెల్లని నురగ పూవులా తిరుగుతోంది. వాటి మీదుగా, ఏనుగుల గుంపు వరుసగా నదిలో దిగినట్టు, వంతెన స్తంభాలు నిలబడి ఉన్నాయి. అవతల మకరద్వీపం. మొసలి వీపులాంటి దాని కొండ మీద ఘటకంఠుడి కోట గోడలు పాముకుబుసం రంగులో మెరుస్తున్నాయి. నీటి అంచున కొత్త గోడ లేస్తోంది. దాని మీద బందీ తాపీవాళ్ళు సంకెళ్ళతో వంగి రాళ్ళు పేరుస్తున్నారు. ఈ దూరానికి చీమల్లా ఉన్నారు. ఏ చీమ తనదో కువలయకు తెలియలేదు. అయినా గట్టు దిగేదాకా అటే చూసింది.

జయంతసేనుడు మోకాళ్ళ దాకా బురదతో ఎదురొచ్చాడు. రాకుమారుడని చెబితే తప్ప తెలియదు. ముందు అందరికీ నీళ్ళు ఇప్పించి, ఆ తర్వాతే బండ్లను చూశాడు. సున్నం బండి దగ్గరే నిలబడ్డ కువలయ మాత్రం ఇంకా తాగలేదు.

"ఒక బండి తక్కువైంది ప్రభూ. తప్పు నాదే. దాని సున్నం కుండల్లో ఉంది," అంది కువలయ.

"నువ్వు వచ్చావు, అది చాలు. ఎగువన చూశావా?"

ఎగువన కొండల తలలు కాటుక మబ్బులో మునిగి ఉన్నాయి.

క్షణంలో ఒడ్డంతా కదిలింది. ఆఖరి స్తంభం చోట తాటిదుంగలు వలయంగా దిగేసి, సందుల్లో బంకమట్టి కూరి, లోపలి నీరు తోడేసి ఉంచారు. బండ్లలోని సున్నపు గడ్డల మీద నీళ్ళు పోసి అప్పటికప్పుడు చల్లార్చారు. గానుగ రాయి కింద సున్నం, ఇటుక పొడి, ఇసుక కలిసి నలిగాయి. ఆడవాళ్ళు కరక్కాయ కషాయం పోశారు, బెల్లం నీళ్ళు పోశారు. అలా నలిగిన సున్నం నీళ్ళ అడుగున కూడా రాయిని రాయికి కరిపిస్తుంది. వంతెన మీద చేయి చేయి మార్చుకుంటూ గంపలు సాగాయి. దుంగలు కిర్రుమంటున్నాయి. లోపల రాళ్ళ వరుసలు లేస్తున్నాయి. అప్పుడే చల్లార్చిన వేడి సున్నం స్తంభాన్ని నీటి మట్టం దాటించింది. కుండల సున్నం పైవరుసలకు సరిపోయింది, ఒక్క గంప కూడా ఎక్కువ కాలేదు. చివరి రాయిలో ఇనుప కడియం బిగించేసరికి నది అంచున ఎర్రని చార మొదలైంది.

ఇక మిగిలింది స్తంభానికీ ద్వీపం గోడకూ నడుమ సందు. బాణానికి సన్నని తాడు కట్టి అవతలికి కొట్టాలి. గోడ మీద మనవాడు ఎవడైనా దాన్ని లాగి, దాని కొసన కడియానికి బిగించి ఉన్న లావు మోకును రాతికి కట్టాలి. పలకలు దాని మీద పరుస్తారు.

"స్తంభం ఇంకా పచ్చిగా ఉంది," అన్నాడు జయంతసేనుడు విల్లు ఎక్కుపెడుతూ. "తాడు శత్రువు చేతిలో పడిందా, ఒక్క గుంజుకు కడియంతో పాటు రాళ్ళూ పోతాయి. నీ భర్త ఎవరో చూపించు."

కువలయ స్తంభం మీద, చల్లార్చే వ్యవధి లేక మిగిలిపోయిన సున్నపు గడ్డల కుప్ప పక్కన నిలబడి చూసింది. ఇప్పుడు ముఖాలు కంటికి ఆనుతున్నాయి. గోడ చివర ఎడమ మోకాలి మీద రాయి పెట్టుకుని వంగి ఉన్న మనిషి... అంతలో కోట బురుజు మీదనుంచి పచ్చని పొగ దిగింది. గోడను ఈ కొస నుంచి ఆ కొస దాకా నాకి వెళ్ళిపోయింది. పొగ విడిపోయేసరికి గోడ మీద బందీలు, కాపలా కింకరులు అందరికీ ఒకటే ముఖం. అందరి కనుబొమ్మల మీదా ఒకే మచ్చ. అందరూ ఎడమ మోకాలి మీద రాళ్ళు పెట్టుకున్నారు.

"కువలా! ఇటు వెయ్యి!"

"కువలా, నీకోసం కళ్ళు కాయలు కాశాయి!"

"ఎంత చిక్కిపోయావు కువలా!"

ఒక్క గొంతు వినడానికి అన్నాళ్ళు అలమటించిన మనిషిని గోడంతా ఆ గొంతుతోనే పిలిచింది. తిమ్మప్ప చెవులు మూసుకున్నాడు. రాకుమారుడి బాణం మొన ఒక ముఖం నుంచి మరో ముఖానికి తిరుగుతోంది. ఎర్రనీరు దుంగలను తాకింది.

కువలయ మెల్లగా సున్నపు కుప్ప అంచున కూర్చుంది. భుజం మీది తిత్తి దించింది. గోడ మీద అందరికీ కనబడేలా పైకెత్తి, మూత తీసి, నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"తాగు కువలా, అలసిపోయావు!" గోడ మురిపెంగా పలికింది. "తాగు, తాగు!"

ఆ మురిపెం మధ్యలోంచి, గోడ చివరనుంచి, ఒక మనిషి చేతిలో రాయి వదిలేసి విరుచుకుపడ్డాడు.

"బుద్ధుందా నీకు! సున్నం మీద కూర్చుని నీళ్ళేమిటే! లే అక్కణ్ణుంచి! చింత దగ్గరికి పో!"

అరిచాక గానీ తను అరిచిన సంగతి అతనికి తెలియలేదు. కింకరులంతా ఒక్కసారిగా అటు తిరిగారు.

కువలయ తిత్తి మూత బిగించింది. కళ్ళలో నీళ్ళు సున్నం మీద పడకుండా మోచేత్తో తుడుచుకుని లేచింది. "ఆయనే ప్రభూ. ఆ తిట్టేవాడు," అంది.

బాణం ఈల వేసుకుంటూ పోయింది. సోమిలుడు తాడును గాలిలోనే అందుకున్నాడు. సంకెళ్ళు గలగలలాడుతుండగా చేతుల మీద చేతులు వేసి లాగాడు. మోకు నది మీద పాములా సాగి వెళ్ళి గోడ రాతికి చుట్టుకుంది, బిగిసింది. స్తంభం ఒక్కసారి వణికింది. రాళ్ళ సందుల్లో పచ్చిసున్నం కొద్దిగా ఉబికి, ఆగింది. పట్టుకుంది.

గోడ మీద కింకరులు గొడ్డళ్ళు ఎత్తుకుని సోమిలుడి వైపు పరుగెత్తుతున్నారు. అతను మోకు ముడికి వీపు ఆనించి, చేతిలోని తాపీని వాళ్ళకు ఎదురు పట్టాడు. పలకలు పరిచే వ్యవధి లేదు. కువలయ చెప్పులు విడిచి, అరికాళ్ళకు ఇసుక రుద్దుకుంది.

"ఆగు! గుక్కెడు నీళ్ళన్నా తాగి వెళ్ళు. గాడుపులో పడి వచ్చావు," అన్నాడు జయంతసేనుడు మరో బాణం సంధిస్తూ.

"ఆ ఒడ్డున తాగుతాను ప్రభూ," అని, తిత్తిని వీపున బిగించి కట్టుకుని, కువలయ మోకు మీద మొదటి అడుగు వేసింది. కింద ఘోరవాహిని ఎర్రబడుతూ పైకి లేస్తోంది. ఎదుట, మొదటి గొడ్డలి సోమిలుడి తల మీదికి లేచింది.